కృష్ణ మొగలో చేపలవేట

విజయవాడలో చేపల అంగడికి పోయిన గృహస్థు అడుగు మొదటి ప్రశ్న ఒకటే: “చెరువు చేపా, సముద్రపు చేపా?” అమ్మువారును ఆ రెండింటిలో ఏదో ఒక మాట చెప్పి తక్కెడ ఎత్తుదురు. శీలావతి, బొచ్చె చెరువు చేపలు. వంజరము, చందువ సముద్రపు చేపలు. ఇంతవరకు చిక్కు లేదు. కాని ఆ గంపలలోనే ఒక మూలగా పండుగప్ప, గొరక, మాగ, బొంత అను చేపలు కూడ ఉండును. వీనిని ఏ తెగలో చేర్చవలెను? ఇవి పూర్తిగా సముద్రమునకు చెందినవి కావు. పూర్తిగా నదికి చెందినవియు కావు. నది సముద్రములో కలియుచోట, తియ్యనీరును ఉప్పునీరును దినమునకు నాలుగు మారులు ఒకదానినొకటి త్రోసికొనుచోట ఇవి తమ బ్రతుకులో ఏదో ఒక భాగమును గడపును. తీరవాసులు ఆ చోటును మొగ అందురు. ఆ మొగలో జరుగు వేటను గూర్చియు, ఆ వేటకు నేడు వచ్చిపడిన చిక్కును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

ప్రకాశము బరాజు దాటిన కృష్ణ దిగువకు సాగి పులిగడ్డ చెంత చీలుచున్నది. ఆ పాయల నడుమ ఏర్పడిన భూమియే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఆ సీమలోనివే. హంసలదీవి వద్ద సాగరసంగమమున మునిగిన కాకి హంసయైనదని స్థలపురాణము. నాగాయలంకకు దిగువను నది ఇంకను విడివడి, ఎదురుమొండి వంటి దీవులను చుట్టుకొని, పలు మొగలుగా బంగాళాఖాతమును చేరును. ఆవలి ఒడ్డున రేపల్లె, నిజాంపట్నము ఉన్నవి. ఉత్తరమున బందరు, దానికి చేపలరేవైన గిలకలదిండి ఉన్నవి. బందరు అసలు పేరైన మచిలీపట్నములోనే చేప ఉన్నదని పెద్దలు చెప్పుదురు.

ఈ పాయల నడుమ లెక్కకు మించిన ఉప్పుటేళ్లు, వాని ఒడ్డులను పట్టి మడ అడవులు వ్యాపించియున్నవి. ఉప్పునీటిలో వేళ్లూని బ్రతుకు చెట్లు ఇవి. నల్లమడ, తెల్లమడ, తిల్ల మున్నగు జాతులిందు కలవు. 1989లో ఈ ప్రాంతమున సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. మనుష్యులవలెనే చేపలను వేటాడి బ్రతుకు బావురుపిల్లి ఈ మడలలోనే కాపురమున్నది. రాత్రివేళ అది ఒడ్డున పొంచి, పంజాతో చేపను లాగుకొనును. అనగా ఈ ఏళ్లలోని వేట మన జాలరులతో మొదలైనది కాదు.

మొగలోని వేటకు గడియారము సూర్యుడు కాడు, చంద్రుడు. సముద్రము పొంగి ఏటిలోనికి ఎక్కుటను పోటు అనియు, తిరిగి దిగుటను పాటు అనియు అందురు. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటునుండి మరుపోటునకు సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పూర్వపు లెక్కలో చెప్పవలెనన్న రెండు గడియలు. బడి మెట్టు ఎక్కని వృద్ధుడు సైతము తిథి వినగానే పోటువేళ చెప్పగలుగుటలోని కిటుకు ఇదే. అమావాస్యనాటి పోటువేళను మనస్సున ఉంచుకొని, తిథికి రెండు గడియల చొప్పున కలుపుకొనుచు పోవును. అమావాస్యయు పౌర్ణమియు గడచిన ఒకటి రెండు దినములకు పోటు మిక్కిలి ఎత్తునకు లేచును, పాటు మిక్కిలి లోతునకు దిగును. అష్టమి గడచిన పిదప నీటి పరుగు మందగించును. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసను కూడుట మొదటిదానికి కారణము; అడ్డదిడ్డముగా పనిచేయుట రెండవదానికి కారణము.

చేపల రాకపోకలన్నియు ఈ నీటినడకను బట్టియే. మడచెట్ల నుండి రాలిన ఆకులు బురదలో కుళ్లి మెత్తనై, సూక్ష్మజీవులకు ఆహారమగును. వానిని తిని రొయ్యపిల్లలు, పీతపిల్లలు, చిరుచేపలు పెరుగును. పోటునీరు మడల లోనికి ఎక్కినపుడు ఇవి వేళ్ల సందులలో చేరి మేసికొనుచుండును. పెద్దచేపలు అచ్చటికి చొరలేవు. పాటు మొదలిడగానే నీరు సన్నని కాలువలగుండ ఏటిలోనికి దిగును. దానితో బాటు ఈ చిరుజీవులును బయటికి రాక తప్పదు. ఆ కాలువ ఏటిలో కలియు గుమ్మమున పండుగప్పయు, గొరకయు, మాగయు ఎదురుచూచుచుండును. వేటగాడు చూడవలసినదెల్ల ఆ గుమ్మమునే.

ఒక కార్తికమాసమున, పౌర్ణమి గడచిన మరునాడు, నాగాయలంకకు దిగువనున్న ఒక పల్లెనుండి మేము ఒక వృద్ధ జాలరితోను, అతని మనుమనితోను పడవ ఎక్కితిమి. సాయంకాలము. పోటు నిండి, నీరు ఎటును కదలక నిలిచియున్నది. ముసలివాడు తెడ్డు ప్రక్కన పెట్టి, గుంజకు పడవ కట్టి, చుట్ట వెలిగించెను. వేట ఎప్పుడు మొదలిడుదువని అడిగితిమి. “అప్పుడే ఏంటండీ బాబుగారూ! చేప లోపల మేతలో ఉందండి. పాటు తియ్యనివ్వండి. నీళ్లు తీసేప్పుడు గుమ్మంలో కాసుక్కూర్చుంటది. మనమూ అక్కడే కాసుక్కూర్చోవాల,” అని అతడు నవ్వెను. మేము పుస్తకములలో పుటలకొద్ది చదివిన విషయమును అతడు మూడు మాటలలో ముగించెను.

మొగలలో వేటకు వాడు పరికరములు పెద్దవి కావు. ఒంటిమనిషి ఒడ్డున నిలిచి విసరు విసురువల ఒకటి. ప్రవాహమునకు అడ్డముగా నీటిలో నిలువుగా వ్రేలాడగట్టు వల మరియొకటి. చేప తలదూర్చి మొప్పలకడ చిక్కుకొనును. సముద్రపు ఒడ్డున పదులకొద్ది మనుష్యులు రెండు కొసలను పట్టి లాగు అలివివల పూర్వమునుండి వచ్చుచున్నది. పండుగప్పకు, పెద్ద గొరకకు గాలము శ్రేష్ఠము. ప్రాణముతోనున్న రొయ్యనో, చిన్న బొంతపిల్లనో ఎరగా గ్రుచ్చి, పాటునీటి వాలున విడిచి, దారమును వ్రేలిపై ఆనించి ఊరకుందురు. చేప ఎరను మ్రింగినపుడు వ్రేలు చెప్పవలెనే కాని కన్ను చెప్పలేదు. ఈ పరికరములన్నిటికిని ఒక మంచి గుణము కలదు: ఏ చేపను పట్టవలెనో, దేనిని విడువవలెనో కొంతవరకు వేటగాని చేతిలోనే ఉండును. ఆ గుణము లేని పద్ధతియు ఒకటి కలదు. ఉప్పుటేటికి అడ్డముగా గుంజలు పాతి, దోమతెరవంటి సన్నకన్నుల వలను కట్టి, పాటునీటిని వడియగట్టుట. దానిలో పడని జీవి లేదు. దాని కథకు మరల వత్తుము.

చీకటి పడినది. నీరు మెల్లగా కదలసాగెను. అప్పుడు ముసలివాడు మమ్ము పడవ అడుగుబల్లకు చెవి ఆనించి వినుమనెను. మొదట నీటిసవ్వడి తప్ప మరేమియు లేదు. పిదప ఎక్కడనో డప్పుమీద వ్రేలితో తట్టినట్లు, ఆగి ఆగి, గుబగుబమని ఒక ధ్వని. అది ఒక చోట ఆగగానే మరియొక చోట వినవచ్చును. “గొరకలండి,” అనెను. నీటిలోని చేప మాటాడుట మేము విన్నది అదే మొదటిసారి.

గొరకలనియు, కొన్ని తావుల గొరసలనియు పిలువబడు ఈ కుటుంబములో ప్రపంచమంతట సుమారు 300 జాతులు కలవు. వీని కడుపులో గాలితో నిండిన తిత్తి ఒకటి ఉండును. చేప నీటిలో మునుగక తేలక నిలుచుటకు అది తోడ్పడును. గొరకలలో ఆ తిత్తికి ఇరుప్రక్కల ప్రత్యేకమైన కండరములు కలవు. అవి వేగముగా బిగిసి సడలునపుడు తిత్తి మృదంగమువలె మ్రోగును. అనేక జాతులలో మగచేపలే, గ్రుడ్లుపెట్టు కాలమున, సాయంకాలము మొదలు రాత్రివేళ ఈ వాద్యమును వాయించి ఆడచేపలను పిలుచును. ఆంగ్లభాషలో ఈ కుటుంబపు చేపలకు డ్రమ్ అను పేరు అందువలననే కలిగినది. అమెరికా దక్షిణతీరమున రెడ్ డ్రమ్ అను పెద్దచేపయు, ఒంటినిండ చుక్కలుగల సీట్రౌట్ అను చేపయు ఇదే కుటుంబములోనివి. రెండవది పేరునకే ట్రౌట్. కొండయేళ్లలో దొరకు నిజమైన ట్రౌటునకును దీనికిని చుట్టరికము లేదు. మన గొరకకు అది దాయాది.

గొరక తలలో మరియొక వింత కలదు. చెవి లోపల తెల్లని రాళ్లవంటివి ఉండును. అన్ని ముళ్లచేపలలోను ఇవి ఉన్నను గొరకలలో మిక్కిలి పెద్దవి. చేప పెరిగినకొలది ఆ రాతిపై పొర వెంబడి పొర పేరుకొనును. చెట్టుమ్రానులోని వలయములవలె వానిని లెక్కించి శాస్త్రజ్ఞులు చేప వయస్సును చెప్పుదురు. ఈ లెక్కవలన తేలినది చిన్నవిషయము కాదు. కొన్ని గొరకలు రెండుమూడు ఏండ్లు బ్రతుకును. అమెరికాలోని రెడ్ డ్రమ్ నలుబది ఏండ్లు దాటి బ్రతుకుట కలదు. మన పళ్లెములోనికి వచ్చిన చేప ఒక మనుష్యుని వయస్సుదై ఉండవచ్చును.

మన తీరమున ఈ కుటుంబమునకు రాజు కచిడి. ఇది ఒకటిన్నర మీటరు పొడవు వరకు పెరుగగలదు. ఒక్క కచిడి లక్షల రూపాయలకు అమ్ముడుపోయినదని పత్రికలలో అప్పుడప్పుడు చదువుచుందుము. ఆ విలువ మాంసమునకు కాదు, ముందు చెప్పిన గాలితిత్తికి. ఎండబెట్టిన తిత్తిని చైనా, హాంకాంగు ప్రాంతములలో అపురూపమైన ఆహారముగా కొందురు. చేపల తిత్తులనుండి తీసిన పదార్థమును బీరు, ద్రాక్షసారా తేటపరచుటకును పూర్వమునుండి వాడుచున్నారు. 2023లో గుజరాతు ప్రభుత్వము ఘోల్ అను పేర ఈ చేపనే తమ రాష్ట్రపు చేపగా ప్రకటించినది. కాని ధర పెరిగినకొలది వేట పెరుగును. వేట పెరిగినకొలది చేప తగ్గును. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారు కచిడిని ప్రమాదమునకు చేరువనున్న జాతులలో చేర్చియున్నారు. సంగీతమునకు పనికివచ్చిన తిత్తియే దానికి మృత్యువైనది.

పండుగప్ప కథ ఇంకను విచిత్రమైనది. ఇది గొరకల కుటుంబములోనిది కాదు; కాని అదే గుమ్మమున, అదే ఎరకు కాచియుండును. పెద్దచేపలు మొగలకు దిగి ఉప్పునీటిలో గ్రుడ్లుపెట్టును. మన దేశమున వానకాలము అందుకు ముఖ్యసమయము. పోటునీరు ఆ గ్రుడ్లను, పిల్లలను ఏటిలోనికి మోసికొనిపోవును. పిల్లలు మడల మాటున పెరిగి, కొంత బలిసిన పిదప తియ్యనీటిని వెదకుకొనుచు నదిలోనికి ఎక్కును. పెద్దవై మరల మొగకు దిగును. ఇంతకంటె పెద్ద వింత: మొదట మగవిగా పక్వమైన చేపలే, సాధారణముగా ఆరేడు ఏండ్లు దాటిన పిదప, ఆడవిగా మారును. అనగా నదిలోని చిన్న పండుగప్పలు మిక్కిలిగా మగవి. పెద్దవన్నియు దాదాపు తల్లులే. ఒక్కొక్క పెద్దతల్లి లక్షలు, కోట్లు గ్రుడ్లు పెట్టగలదు.

ఈ ఒక్క విషయమును గ్రహించినచో మొగ వేటలోని చిక్కంతయు తెలియును. చిన్నదానిని పట్టితిమా, అది ఒక్కసారియైనను సంతానము కనక మున్నే పోవును. మిక్కిలి పెద్దదానిని పట్టితిమా, తల్లి పోవును. నడుమనున్న వానిని పట్టుకొనుటయే మేలైన వేట. కాని వల కట్టినవాడు నడుమదానినే ఏరుకొనుట ఎట్లు?

ఆ రాత్రి ముసలివాని గాలమునకు జానెడు పొడవైన పండుగప్ప ఒకటి చిక్కెను. అతడు కొక్కెమును నెమ్మదిగా ఊడదీసి, చేపను నీటిలో విడిచెను. మనుమడు ఊరకుండలేక, “తాతా, మనం వదిలితే మాత్రం బతుకుద్దా? రేపు పాటుకి అవతలోళ్ల కట్టువలలో పడుద్ది. ఆ డబ్బులేవో మనకే రాకూడదా?” అనెను. ముసలివాడు మారు పలుకలేదు. చాలసేపటికి, “నీ మాటా నిజమేరా,” అని మాత్రము అనెను. కుర్రవాడు దురాశాపరుడు కాడు. చదువు ఆగినది, చేతిలో పనిలేని దినములు పెక్కు, ఒక జానెడు చేప అతనికి ఒక పూట కూర. మేము తిరిగివచ్చిన పిదపను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఒక్కడు విడిచినది పదిమందికి దక్కక, ప్రక్కవానికి దక్కునట్లయిన, విడుచుట ఎవరి కొఱకు?

ఈ ప్రశ్నకు ఇతర దేశములలో ఏ సమాధానము చెప్పుకొనిరో చూతము. 1980 దశకమున న్యూఆర్లియన్సు నగరమందలి పాల్ ప్రుధామ్ అను వంటలో నేర్పరి, రెడ్ డ్రమ్ చేపకు మసాలా పట్టించి మాడ్చి వడ్డించు వంటకమును ప్రచారములోనికి తెచ్చెను. దేశమంతటను దానిపై మోజు పుట్టెను. నడిసముద్రమున గుంపులుగా చేరు ముసలి చేపలను ఓడలపై వెంటాడి, పెద్దవలలతో చుట్టివేసిరి. దశకము ముగియకముందే ప్రభుత్వము ఆ సముద్రభాగమున వ్యాపారపు వేటను ఆపివేయవలసి వచ్చెను. టెక్సస్ రాష్ట్రమువారు 1981లోనే ఈ చేపను, చుక్కల సీట్రౌటును అమ్మకమునకు పట్టరాదని శాసనము చేసియుండిరి. వినోదమునకు గాలము వేయువాడు సైతము, సాధారణముగా, ఇరువది అంగుళములకు తక్కువదానిని, ఇరువదియెనిమిది అంగుళములు దాటినదానిని తిరిగి నీటిలో విడువవలెను. ఆస్ట్రేలియాలో బారముండి అని పిలువబడు చేప మన పండుగప్పయే. అచ్చట క్వీన్స్‌లాండు రాష్ట్రమున 58 సెంటీమీటర్లకు తక్కువదియు, 120 సెంటీమీటర్లకు ఎక్కువదియు పట్టరాదని నియమము. చిన్నవానికి పిల్లలని, పెద్దవానికి తల్లులని రక్షణ. ముసలివాడు పడవలో ఒంటరిగా పాటించిన నీతిని వారు అందరికిని కట్టుబాటుగా చేసిరి. అందరును విడిచినపుడు మాత్రమే విడిచినవానికి నష్టము లేదు.

మన రాష్ట్రమున కట్టుబాట్లు లేవని కాదు. 1994 నాటి సముద్ర చేపలవేట క్రమబద్ధీకరణ చట్టము ప్రకారము తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ నావలకు విడువబడినది. మరపడవలు ఆవల వేటాడవలెను. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేటకు విరామము. ఆ కాలమున చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందునని దీని ఉద్దేశము. ఆ రెండు నెలలు పొయ్యి వెలుగుటకై రాష్ట్రప్రభుత్వము మత్స్యకార కుటుంబములకు సాయమిచ్చుచున్నది. 2019లో పదివేల రూపాయలుగా నిర్ణయించిన ఆ మొత్తమును 2025లో ఇరువదివేలు చేసిరి. ఈ ఏర్పాట్లు మేలైనవే. కాని ఇవి సముద్రమును ఉద్దేశించినవి. తెడ్డువేసి నడపు నావకు విరామము వర్తింపదు. ఉప్పుటేటికి అడ్డముగా వల కట్టువానికి పడవతో పనియే లేదు. పండుగప్ప గ్రుడ్లుపెట్టు వానకాలము విరామము ముగిసిన పిదపనే బలపడును. మొగకు తగిన కట్టుబాటు మొగవాసులే చేసికొనవలసియున్నది. మన తీరపు పల్లెలలో కులపెద్దలు కూర్చుండి వేటహద్దులు, వంతులు నిర్ణయించు ఆచారము తరతరములుగా వచ్చినదే. వల కన్ను ఎంత ఉండవలెనో, ఏ కాలువ గుమ్మమును ఏ నెలలలో మూయరాదో అట్టి సభలో తీర్మానించినచో, పోలీసు రానవసరము లేదు.

అయితే మొగకు వచ్చిన కీడంతయు వలనుండి వచ్చినది కాదు. దానిలో విజయవాడకును పాలు కలదు. 1855లో ముగిసిన పాత ఆనకట్టయు, దాని స్థానమున 1957లో ఏర్పడిన ప్రకాశము బరాజును డెల్టాకు అన్నము పెట్టినవి. దానిని ఎవరు కాదనగలరు? కాని పైకెక్కదలచిన చేపకు అచ్చట దారి మూసికొనిపోయినది. ఎగువను నాగార్జునసాగరము, శ్రీశైలము మున్నగునవి లేచిన పిదప దిగువకు వచ్చు నీరును, ఒండ్రును తగ్గినవి. 2001 మొదలు 2004 వరకు గల కరువు ఏండ్లలో నది సముద్రమున కలిపినది అత్యల్పము. మరి 2024 సెప్టెంబరు ఆరంభమున బరాజు వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైనది; అంతకు మున్నెన్నడును అంత నమోదు కాలేదు. ఒక ఏడు చుక్క లేక, ఒక ఏడు ముంచివేయు నీటితో మొగ స్వభావము నిలువదు. ఉప్పునకు తీపి కలిసినపుడే ఆ చేపలకు పెంపకము. సముద్రమున కలియు నీరు వృథా పోవుచున్నదని మనము తరచుగా అందుము. ఆ నీటిచే బ్రతుకువారు మొగలో ఉన్నారని తలచిన ఆ మాట అంత సులువుగా రాదు.

మడ అడవులకును కష్టములు తప్పలేదు. 1990 దశకమున రొయ్యల చెరువుల కొఱకు తీరభూములు త్రవ్వబడినవి. అప్పుడు రొయ్యపిల్లలకై ఏళ్లను సన్నవలలతో జల్లెడపట్టి, రొయ్యపిల్లను ఏరుకొని, తక్కిన చేపపిల్లలను ఒడ్డున పారవేసిరి. తీరమందలి రొయ్యల చెరువులను గూర్చి సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పినది. నేడు చెరువులకు పిల్ల పొదుగుకేంద్రములనుండియే వచ్చుచున్నది. కాని పోయిన మడ ఒక్కనాట రాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది ప్రాణములు పోయినవి. మడ ఉప్పెనను ఆపునని చెప్పలేము. కాని అల ఊపును కొంత విరుచునని, ఒడ్డును కోతనుండి కాచునని తీరవాసులకు ఎరుకయే. చేపపిల్లకు ఊయెలయైన చెట్టే పల్లెకు గోడయగుట గమనింపదగినది.

ఇక పట్టణములో చేప కొనువారు చేయగలిగినదేమి? అది మొదట చెప్పిన ప్రశ్నలోనే ఉన్నది. మద్రాసులోని కేంద్ర ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థవారు 1997లో మన దేశమున మొదటిసారిగా పండుగప్పను పొదుగుకేంద్రమున పిల్లలు పెట్టించిరి. నేడు కృష్ణాజిల్లాలో సైతము దానిని చెరువులలో పెంచుచున్నారు. కావున చిన్న పండుగప్ప కావలసినవారు “చెరువు చేపా?” అని అడిగి, ఔనన్న సంకోచము లేక కొనవచ్చును. మొగలో పట్టినదైనచో, కిలోకు అరడజను తూగు పిల్లలను వలదనుటయే న్యాయము. గొరకల విషయమున కొంచెము తెలివి అవసరము. వీనిలో చిన్నజాతులు జానెడు పొడవునకే పెద్దవగును. పెద్దజాతుల పిల్లలు అంతే పొడవున ఉండును. అమ్మువారిని జాతి అడిగి తెలిసికొనుట మేలు. తెలిసి చెప్పు అమ్మకపు స్త్రీలు మన అంగళ్లలో కొదువ లేరు, అడుగువారే కొదువ.

ఆ రాత్రి పాటు ముగిసి నీరు మరల నిలిచినది. బుట్టలో రెండు మాగలు, నాలుగు గొరకలు, రెండు కిలోలకు పైబడిన పండుగప్ప ఒకటి. ముసలివాడు దానిని చూపి మనుమనితో, “ఇదీ ఒకప్పుడు జానెడేరా. ఎవడో ఒకడు వదిలాడు కాబట్టి ఇయ్యాల మనకి చిక్కింది,” అనెను. కుర్రవాడు బదులు పలుకక తెడ్డు అందుకొనెను. పోటునీరు ఎక్కుచుండగా పడవ పల్లెవైపు తిరిగినది.